కెమెరా దించిన చోట సంఘం

హైదరాబాద్ నుంచి ముంబై హైవే మీద వంద కిలోమీటర్లు పోతే జహీరాబాద్, దాన్ని ఆనుకునే పస్తాపూర్. ఎర్రమట్టి చెలకలు, జొన్న, కంది, కొర్ర, సామ కలిపి వేసే చేలు, పక్కనే కర్ణాటక సరిహద్దు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి ఈ చుట్టుపక్కల ఊళ్లలో పేద మహిళల సంఘాలతో పనిచేస్తోంది. సంఘాల్లో ఎక్కువమంది దళితులు. పాత పంటల జాతర వల్ల, విత్తనాల వల్ల ఈ పేరు చాలామంది విన్నారు. ఆ ఆడవాళ్లే కెమెరా పట్టి సినిమాలు తీశారని, సొంత రేడియో పెట్టుకున్నారని తెలిసినవాళ్లు తక్కువ.

సంస్థను నడిపించిన పి.వి. సతీష్ అంతకుముందు దూరదర్శన్‌లో ప్రొడ్యూసర్. 2023లో కన్నుమూశారు. బడి ముఖం చూడని కూలీలకు వీడియో నేర్పవచ్చని గట్టిగా నమ్మిన మనిషి. శిక్షణ పొందిన మహిళలతో 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ ఏర్పడింది.

వాళ్లు నేర్చుకున్న తీరు దగ్గర కాసేపు ఆగాలి. కెమెరాను పైనుంచి కిందికి పెడితే ఎదుటి మనిషి చిన్నగా కనిపిస్తాడు. అరుగు మీద కూర్చున్న పటేలు కింద నిలబడ్డ కూలీని చూసే చూపు అది, కాబట్టి దానికి పటేల్ షాట్ అని పేరు పెట్టుకున్నారు. కింది నుంచి పైకి చూస్తే బానిస షాట్. కళ్లకు కళ్లు సమానంగా కలిస్తే సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు. వాళ్లు ఎంచుకున్నది ఆ మూడోదే. నేల మీద కూర్చుని విత్తనాలు చెరిగే ముసలమ్మను తీయాలంటే కెమెరా పట్టిన మనిషి కూడా నేల మీద కూర్చోవాల్సిందే. పెద్ద ఫిల్మ్ స్కూళ్లలో యాంగిల్స్ మీద ఎన్ని పాఠాలు చెప్పినా, తీసేవాడు ఎక్కడ నిలబడాలో ఇంత సూటిగా చెప్పే పాఠం అరుదు. ఇది పుస్తకంలోంచి రాలేదు, దొర ముందు తలవంచిన అనుభవంలోంచి వచ్చింది.

ఆ చూపుతోనే వరంగల్ వెళ్లారు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక అక్కడి రైతుల చేలల్లో ఏం జరుగుతోందో సీజన్ పొడవునా చిత్రీకరించి, రైతులకు ఆ పత్తి మీద కోపం ఎందుకో చెప్పే సినిమా 2003లో తీశారు. తర్వాతి సీజన్లలోనూ వదలకుండా వెంట ఉన్నారు. స్వయంగా చేను చేసినవాళ్లు కాబట్టి ఏ ఆకు తిప్పి చూడాలో, రైతును ఏ ఖర్చు గురించి అడగాలో వాళ్లకు ఒకరు చెప్పే పని లేదు.

రేడియో కథలో మాత్రం ఓపిక ఎక్కువ కావాల్సి వచ్చింది. యునెస్కో తోడ్పాటుతో ఈ ప్రాంతంలోని మాచనూరులో 1998 నాటికే రికార్డింగ్ ఏర్పాట్లు ఉన్నాయి, కానీ గాలిలోకి వదలడానికి లైసెన్సు లేదు. కార్యక్రమాలు క్యాసెట్లలో నింపి సంఘం సమావేశాల్లో వినిపించుకున్నారు. రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పినా, స్వచ్ఛంద సంస్థలకు రేడియో పెట్టుకునే వీలు 2006లో గానీ రాలేదు. చివరికి 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. ప్రారంభించినది జస్టిస్ పి.బి. సావంత్, ఆ 1995 తీర్పు ఇచ్చిన ధర్మాసనానికి నేతృత్వం వహించిన న్యాయమూర్తి. బాధ్యతలు చూసుకున్న జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ ఈ పల్లెల దళిత బిడ్డలే. కన్నడం, ఉర్దూ కలిసిన తమ యాసలోనే విత్తనం దాచే పద్ధతి, ఇంటి వైద్యం, నాట్ల పాటలు వినిపించారు.

ఇంత చేసినవాళ్లకు ఒక తలుపు ఇంకా మూసే ఉంది. మన నిబంధనల ప్రకారం కమ్యూనిటీ రేడియో సొంతంగా వార్తలు చెప్పకూడదు, ఆకాశవాణి వార్తలు వినిపించుకోవచ్చు అంతే. వరంగల్ దాకా పోయి రైతు గోసను ప్రపంచానికి చూపించిన ఆడవాళ్లు తమ మండలంలో ఏం జరిగిందో తమ రేడియోలో వార్తగా చెప్పలేరు. కేంద్రం ఈ నిబంధనను వెంటనే సవరించాలి.