గుమ్మంలోకి వచ్చిన తేనె – నమ్మడం ఎలా?



తిరువళ్లూరులోనైనా తిరుత్తణిలోనైనా తెల్లవారితే చాలు, పాలు, పెరుగు, ఆకుకూరలు, చేపలు అమ్మేవాళ్ల కేకలు వీధిలో వినిపిస్తాయి. అప్పుడప్పుడు తేనె అమ్మే మనిషీ వస్తాడు. ఇలా గుమ్మంలోకి వచ్చేవాళ్లలో ఎవరిని నమ్మాలి?

ఒకసారి మా ఇంటికి ఒకాయన బిందెతో వచ్చాడు. పైన తేనెపట్టు ముక్క తేలుతోంది. "అడవి తేనె అమ్మా, ఇప్పుడే పిండాను" అన్నాడు. గ్లాసు నీళ్లలో చుక్క వేస్తే కరగకుండా అడుగుకు దిగింది. అగ్గిపుల్లను తేనెలో ముంచి గీస్తే వెలిగింది. ఇంకేం కావాలి? లీటరు కొన్నాం. తీరా రుచి చూస్తే బెల్లపు పాకం!

మరుసటి వారం ఒక అవ్వ తేనె తెచ్చింది. ఆ కోపం మీదున్న మేము ఆమె మాసిన చీర చూసి తలుపు వేసేశాం. ఆమె ఎదురింటికి ఏళ్ల తరబడి తేనె పోస్తున్న మనిషని తర్వాత తెలిసింది. ఒకే వారంలో రెండు తప్పులు చేశామన్నమాట. మోసగాణ్ణి నమ్మాం, నిజాయితీ గల మనిషి పొట్ట కొట్టాం.

ఆ పరీక్షల సంగతి చూద్దాం. తేనె నీళ్లకంటే బరువు, అందుకే దిగుతుంది. చిక్కటి పాకమూ అలాగే దిగుతుంది. పుల్లకు తడి పెద్దగా అంటకపోతే పాకంలో ముంచినా వెలుగుతుంది. పేరుకుంటే కల్తీ అనడమూ పొరపాటే, మంచి తేనె కూడా పేరుకుంటుంది. 2020లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ 13 బ్రాండ్ల తేనెను పరీక్ష చేయించి, మూడే అన్నిటిలోనూ నెగ్గాయని ప్రకటించింది. కంపెనీలు ఆ మాట ఒప్పుకోలేదు. ప్రయోగశాలల్లోనే ఇంత వాదన ఉంటే, మన గ్లాసు నీళ్లు ఏం తేలుస్తాయి?

కనుక సరుకు కంటే ముందు మనిషిని విచారించండి. ఏ ఊరు? మళ్లీ ఎప్పుడు వస్తారు? ఈ వీధిలో ఇంకెవరు కొంటున్నారు? మొదటిసారి చిన్న సీసాతో సరిపెట్టుకోండి. ఆడికృత్తిక రద్దీలో తారసపడిన వ్యాపారి రేపు కనిపిస్తాడో లేదో! నెలనెలా అదే వీధికి రావలసిన మనిషికి మాత్రం మాట పోతుందనే భయం ఉంటుంది.

2011 ఆగస్టు 5 నుంచి అమలులో ఉన్న ఆహార భద్రత చట్టం ప్రకారం తిరిగి అమ్ముకునేవాళ్లూ పేరు నమోదు చేయించుకోవాలి. ఆ నంబరులో 14 అంకెలుంటాయి. అది మనిషి ఆచూకీ చెబుతుంది గాని, సరుకు స్వచ్ఛతకు పూచీ కాదు. అనుమానం వస్తే మిగిలిన సరుకు పారేయకుండా జిల్లా ఆహార భద్రత అధికారులకు ఫిర్యాదు చేయండి.

ఒక్క మాట మరిచిపోవద్దు. ఏడాది నిండని పసిబిడ్డకు ఎంత మేలైన తేనె అయినా నాకించకండి. బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

మన జిల్లాలో అడవినీ చెరువునీ నమ్ముకుని బతికే ఇరుల కుటుంబాలున్నాయి. కట్టిన బట్ట చూసి తలుపు వేస్తే వాళ్లకు ఆ పూట కూడు పోతుంది. ఆ అవ్వ మళ్లీ వచ్చినప్పుడు కూర్చోబెట్టి, వివరాలడిగి, చిన్న సీసా కొన్నాం. ఇప్పుడు ఆమె మా ఇంటికీ వస్తోంది.

సెలవు.