హాస్య భయానకముల పొత్తు

హాస్యరసమునకు భయానకము విరోధి యని సాహిత్యదర్పణమున విశ్వనాథుడు చెప్పియున్నాడు. అయినను ఈ రెంటిని ఒక్కచోట కూర్చిన చలనచిత్రములు కొన్ని కలవు. లోకమున పెద్దపేరు లేకున్నను, మరల మరల చూచి తలచుకొను చిన్న అభిమానిబృందము వీనికి ఉండును. ఇట్టివానిని ‘కల్ట్’ చిత్రములందురు. రసవిరోధము వీనియందెట్లు తొలగినదో, ఈ ఆకర్షణకు మూలమేమో ఒక్క ఉదాహరణముతో పరిశీలింతము.

1959లో అమెరికాలో రోజర్ కార్మన్ ‘ఎ బకెట్ ఆఫ్ బ్లడ్’ అను చిత్రమును అయిదు దినములలో చిత్రీకరించెను. రచయిత చార్లెస్ గ్రిఫిత్. నిడివి 66 నిమిషములు. డిక్ మిల్లర్ ధరించిన వాల్టర్ పెయిస్లీ పాత్ర, కవులును కళాకారులును చేరెడి ఒక కాఫీ హోటలులో బల్లలపై ఎంగిలి పాత్రలు తీయు పనివాడు. శిల్పి కావలెనని అతని కోరిక. చేతికి నేర్పు చాలదు. గోడలో చిక్కుకొన్న పిల్లిని విడిపింపబోయి పొరపాటున కత్తితో చంపును. దానిపై మట్టి మెత్తి శిల్పమని చూపగా రసికులు ఆహా యని మెచ్చుకొందురు. తరువాతి శిల్పములకు మనుష్యులే బలియగుదురు.

విరుద్ధరసములకు ఆశ్రయములు వేరైనచో దోషము లేదని ఆనందవర్ధనుని సమాధానము. ఆ సూత్రమును కొంచెము సడలించి ఆలంబనములకు అన్వయింతము. ఇచట భయమునకు ఆలంబనము హత్య. నవ్వునకు ఆలంబనము హత్య కాదు. శవమును చూచి సౌందర్యమును వర్ణించు రసికుల వాగ్ధోరణి. కావుననే రెండు రసములును ఒకదానినొకటి చెరుపక సాగినవి. మట్టి క్రింద మనుష్యదేహమున్నదని బయటపడినపుడు మాత్రము ఆ ఎడము చెరిగిపోవును. రసికులను చూచి నవ్విన ప్రేక్షకుడును మరణమును వినోదముగా చూడవచ్చినవాడే కదా! తన నవ్వు తన మీదికే తిరిగివచ్చుట ఇట్టి చిత్రముల ప్రధానాకర్షణమని నా అభిప్రాయము.

స్వల్పప్రసిద్ధియు ఆకర్షణకు తోడుపడును. 1981లో జో డాంటే తీసిన ‘ది హౌలింగ్’ చిత్రమున డిక్ మిల్లర్ ధరించిన పుస్తకవిక్రేత పాత్రకు వాల్టర్ పెయిస్లీ అనియే పేరు పెట్టిరి. ఎరిగినవాడు లోలోన నవ్వుకొనును. ఎరుగనివానికి కథలో లోటు లేదు.

ఎవరును లెక్కచేయని పనివాడు ప్రాణము తీసిన తరువాతనే గౌరవము పొందినాడు. ఈ చిత్రమున భయానకమునకు నిజమైన హేతువు కత్తి కాదు, ఈ గౌరవము. గుణదోషవిచారమే వృత్తిగా గల మనము దీనిని చూచి నవ్వవచ్చును. కాని నిశ్చింతగా నవ్వజాలము.