మేకు మధ్యలోనే ఎందుకు ఆగింది?

ఇనుప మేకుకు రాగితీగ చుట్టి, బ్యాటరీకి కలిపి, గుండుసూదులు ఎత్తిన వాళ్లు మీలో చాలామంది ఉంటారు. విద్యుదయస్కాంతం పాఠం చెప్పినప్పుడు మాస్టారు చేయించే ప్రయోగమే అది. ఈసారి చిన్న మార్పు చేద్దాం. తీగను మేకు మీద కాక ప్లాస్టిక్ గొట్టం మీద చుట్టండి. మేకును గొట్టం నోటి దగ్గర ఉంచండి. స్విచ్చి నొక్కితే ఏమవుతుంది?

మేకు గొట్టంలోంచి దూసుకుపోయి అవతల పడుతుందని అనుకుంటున్నారా? అలా జరగదు. అది చటుక్కున లోపలికి పోతుంది. కాస్త ముందుకూ వెనక్కూ ఊగి, తీగచుట్ట నడిమధ్యలో ఆగిపోతుంది. మీరు స్విచ్చి వదిలేదాకా అక్కడే అతుక్కున్నట్లు ఉంటుంది. సైన్సు ప్రదర్శనలో నలుగురి ముందు ఇలా జరిగితే ఎంత చిన్నతనం!

తప్పు మేకుది కాదు. తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించినంతసేపూ అది ఇనుమును తన మధ్యభాగం వైపే లాగుతుంది. మేకు ఇటు ఉంటే అటు లాగుతుంది, మధ్యను దాటి అటు పోతే మళ్లీ ఇటు లాగుతుంది. ముందు సంపాదించిన వేగాన్నంతా తర్వాత తానే లాగేసుకుంటుంది. మేకు బయటపడాలంటే అది మధ్యకు చేరే క్షణానికి విద్యుత్తు ఆగిపోవాలి. ఈ ప్రయోగంలోని కిటుకంతా రెండు ప్రశ్నల్లో ఉంది: తీగ ఎన్ని చుట్లు చుట్టాలి? విద్యుత్తును ఎలా ఆపాలి?

కావలసిన వస్తువులు

సుమారు 8 మిల్లీమీటర్ల లావున్న ఖాళీ బాల్‌పెన్ను గొట్టం ఒకటి తీసుకోండి. అది ప్లాస్టిక్‌దే కావాలి. ఇత్తడి, అల్యూమినియం గొట్టాలు పనికిరావు. విద్యుత్తు మారినప్పుడల్లా ఆ లోహంలోనూ ప్రవాహం పుట్టి అడ్డుపడుతుంది. మోటార్లు రీవైండింగ్ చేసే షాపులో 26 గేజి ఎనామిల్ రాగితీగ దొరుకుతుంది. 4 పెద్ద టార్చిలైటు సెల్లులు కావాలి. గొట్టంలో సులువుగా జారే మేకును వడ్రంగి చేత రెండున్నర సెంటీమీటర్ల ముక్కగా కోయించి, రెండు చివరలూ ఆకురాయితో మొద్దుగా అరగదీయించండి. మొన ఉండకూడదు.

గొట్టం మీద రెండున్నర సెంటీమీటర్ల మేర తీగను పక్కపక్కనే బిగుతుగా చుట్టండి. ఒక వరుసకు 50 చుట్లు పడతాయి. వరుస చివరకు వచ్చాక, దాని మీదుగానే వెనక్కి చుట్టుకు రండి. కుడి నుంచి ఎడమకు వచ్చినా, ఎడమ నుంచి కుడికి పోయినా ఫరవాలేదు. కానీ తీగ గొట్టం చుట్టూ తిరిగే దిశ మాత్రం మారకూడదు. మారితే ఒక వరుస అయస్కాంత బలాన్ని మరో వరుస కొట్టివేస్తుంది. తీగ రెండు కొసల మీది ఎనామిల్ పూతను గరుకు కాగితంతో పూర్తిగా గీకేయండి. చాలామంది ప్రయోగం విఫలమయ్యేది ఇక్కడే!

ఎక్కువ చుట్లు చుడితే ఎక్కువ బలమా?

అయస్కాంత బలం చుట్ల సంఖ్య మీద, విద్యుత్తు మీద ఆధారపడుతుంది. ఆ రెండింటినీ గుణిస్తే వచ్చేదే ఆంపియర్-చుట్లు. "అయితే వెయ్యి చుట్లు చుట్టేద్దాం" అంటారేమో! తొందరపడకండి, లెక్క చూద్దాం.

26 గేజి తీగకు మీటరుకు సుమారు 0.1 ఓమ్ నిరోధం ఉంటుంది. 4 సెల్లులు కలిపితే 6 వోల్టులు. సెల్లులకూ సొంత నిరోధం ఉంటుంది. నాలుగింటికీ కలిపి అది 2 ఓములు అనుకుందాం.

150 చుట్లకు తీగ నిరోధం సుమారు 0.5 ఓమ్. మొత్తం 2.5 ఓములు. 2.4 ఆంపియర్లు ప్రవహిస్తాయి. ఆంపియర్-చుట్లు 360.
300 చుట్లకు తీగ నిరోధం 1.1 ఓములు. ఆంపియర్-చుట్లు సుమారు 580.
600 చుట్లకు తీగ నిరోధం 2.7 ఓములు. ఆంపియర్-చుట్లు సుమారు 766.
1200 చుట్లకు తీగ నిరోధం 7.5 ఓములు. ఆంపియర్-చుట్లు సుమారు 758!

చూశారా? చుట్లు రెట్టింపు చేసినా బలం పెరగలేదు సరికదా, కాస్త తగ్గింది. పై వరుసలు లావవుతున్న కొద్దీ ఒక్కో చుట్టుకు పట్టే తీగ పొడవు పెరుగుతుంది. నిరోధం పెరిగి విద్యుత్తు తగ్గుతుంది. పైగా ఆ వరుసలు మేకుకు దూరంగా ఉంటాయి. తీగ కొన్న డబ్బు దండగే! అలాగని మరీ తక్కువ చుడితే శక్తిలో ఎక్కువ భాగం సెల్లుల్లోనే వేడిగా పోతుంది. మన పరికరానికి 300 నుంచి 600 చుట్లు సరిపోతాయి.

ఇంకో సంగతి ఉంది. తీగచుట్టకు ఒక బద్ధకపు గుణం ఉంది. స్విచ్చి వేయగానే విద్యుత్తు ఒక్కసారిగా పెరగదు, తీయగానే ఒక్కసారిగా పోదు. చుట్లు పెరిగిన కొద్దీ ఈ బద్ధకమూ పెరుగుతుంది. మన మేకు నెమ్మదిగా పోయేదే కాబట్టి మనకు దీని బాధ అంతగా లేదు. వేగం పెరిగితే మాత్రం ఇదే పెద్ద చిక్కు.

వేలుకు అందని వేగం

ఇప్పుడు స్విచ్చి సంగతి. మేకు మొనను తీగచుట్టలోకి అర సెంటీమీటరు ఉంచి మొదలుపెడితే, అది మధ్యకు చేరడానికి 2 సెంటీమీటర్లు పోవాలి. దాని సగటు వేగం సెకనుకు అర మీటరు అనుకున్నా, అందుకు సెకనులో 25వ వంతు చాలు. కాలింగ్ బెల్ స్విచ్చిని అంత త్వరగా నొక్కి వదలడం ఎవరి వేలికీ సాధ్యం కాదు. అందుకే మేకు మధ్యలో చిక్కుకుపోయింది.

దీనికి ఖర్చులేని ఉపాయం ఒకటుంది. ఫలహారాలు చుట్టే అల్యూమినియం రేకును 4 సెంటీమీటర్ల వెడల్పున కత్తిరించి అట్ట మీద అంటించండి. రేకును బ్యాటరీ ఒక కొసకు కలపండి. బ్యాటరీ రెండో కొసను తీగచుట్టకు, తీగచుట్ట రెండో కొసను ఒక విడి తీగకు కలపండి. ఆ విడి తీగ కొసతో రేకు మీదుగా, అగ్గిపుల్ల గీసినట్లు, అడ్డంగా ఒక్క గీత గీయండి. మీ చెయ్యి సెకనుకు ఒక మీటరు వేగంతో కదిలితే, తీగ రేకును తాకి ఉండేది సరిగ్గా సెకనులో 25వ వంతే. రేకు వెడల్పు తగ్గిస్తే కాలం తగ్గుతుంది. వేలు చేయలేని పనిని రేకు చేసింది!

పరికరాన్ని బల్ల అంచున పెట్టి, మేకు నేల మీద ఎంత దూరంలో పడిందో కొలవండి. బల్ల 75 సెంటీమీటర్ల ఎత్తుంటే మేకు నేలకు చేరడానికి 0.39 సెకను పడుతుంది. దూరాన్ని 0.39తో భాగిస్తే మేకు వేగం తెలిసిపోతుంది. 4, 3, 2 సెంటీమీటర్ల రేకులతో విడివిడిగా చేసి చూడండి. మీ తీగచుట్టకు ఏ వెడల్పు బాగా కుదిరిందో నోటు పుస్తకంలో రాసుకోండి.

తీగ రేకును వదిలే చోట చిన్న మెరుపు కనిపిస్తుంది. తీగచుట్ట తనలోని విద్యుత్తును వదలలేక గాలిలో దారి చేసుకుంటున్న ఆనవాలు అది. తీగచుట్టకు అడ్డంగా డయోడు కలిపితే మెరుపు పోతుంది, స్విచ్చి అరగదు. కానీ విద్యుత్తు మరికొంచెంసేపు తీగచుట్టలోనే తిరుగుతుంది. ఒకటి కావాలంటే మరొకటి కొంత వదులుకోవాలి.

హెచ్చరిక: గొట్టాన్ని ఎవరి ముఖం వైపూ తిప్పకండి. కళ్లకు అద్దాలు పెట్టుకోండి. విద్యుత్తును సెకనుకు మించి ప్రవహించనివ్వకండి, తీగ కాలుతుంది. ఇంట్లోని కరెంటుకు దీన్ని ఎన్నడూ కలపకండి, అది ప్రాణాలు తీస్తుంది. కెమెరా ఫ్లాష్‌లోని కెపాసిటర్ జోలికీ పోకండి. కెమెరా ఆపేసిన తర్వాత కూడా అందులో 300 వోల్టుల వరకు నిలిచి ఉండవచ్చు.

ఓడిపోయిన ఫిరంగి

పెద్దవాళ్ల ప్రయోగాలు కూడా తప్పిపోతాయి. నార్వే శాస్త్రవేత్త క్రిస్టియన్ బిర్కెలాండ్ ధ్రువకాంతులను పరిశోధించినవాడు. గొట్టం చుట్టూ తీగచుట్టలు పేర్చి, మందుగుండు లేని విద్యుదయస్కాంత ఫిరంగిని తయారుచేశాడు. 1903లో క్రిస్టియానియా, అంటే నేటి ఓస్లో నగరంలోని విశ్వవిద్యాలయ సభామందిరంలో దాన్ని ప్రదర్శించాడు. స్విచ్చి వేయగానే షార్ట్ సర్క్యూటై కళ్లు చెదిరే మెరుపు, పెద్ద చప్పుడు! సభలో కలకలం రేగింది. ఫిరంగి మీద అందరికీ నమ్మకం పోయింది.

కొద్ది రోజులకే ఆయన సామ్ ఐడె అనే ఇంజనీరును కలిశాడు. గాలిలోని నత్రజనితో ఎరువు తయారుచేయాలని ఐడె కోరిక. అందుకు మెరుపులాంటి బలమైన విద్యుత్ చాపం కావాలి. ఫిరంగిని చెడగొట్టిన మెరుపు అలాంటిదే కదా! ఇద్దరూ కలిసి విద్యుత్ చాపపు కొలిమిని తయారుచేశారు. 1905లో ఎరువుల కోసం నార్స్క్ హైడ్రో కంపెనీ వెలిసింది. తర్వాత అంతకంటే తక్కువ విద్యుత్తుతో పనిచేసే పద్ధతి వచ్చి ఆ కొలిమి వెనకబడింది. కానీ అప్పటికే గాలిలోంచి తీసిన ఎరువు పొలాలకు చేరింది.

కాబట్టి మీ మేకు మధ్యలో ఆగిపోతే చిన్నబుచ్చుకోకండి. ఎందుకు ఆగిందో అడగండి. రేకు వెడల్పు మార్చి మళ్లీ గీయండి.