గొలుసు విప్పుదాం, చెయ్యి విడువవద్దు



పల్లెలో పుట్టి పెరిగినవారికి ఈ దృశ్యము కొత్త కాదు. నిన్నటిదాకా ఇంటి పని, పొలం పని చక్కగా చేసుకొన్న కోడలు, కాన్పైన పది దినాలకే నిద్ర మానేస్తుంది. తనలో తాను మాట్లాడుకొంటుంది. బిడ్డను ఒడిలోకి తీసుకోదు. "గాలి సోకింది" అంటారొకరు. "ఎవరో చేయించారు" అంటారు ఇంకొకరు. చీకటి పడేసరికి భూతవైద్యుడు వస్తాడు. ముగ్గు, నిమ్మకాయలు, వేపమండలు, మిరపకాయల పొగ. విశ్వాసుల ఇల్లయితే ఇవి గుట్టుగా జరుగుతాయి, లేదా వీటికి బదులు మూడు రాత్రుల ఉపవాస ప్రార్థన జరుగుతుంది. డాక్టరు మాట మాత్రం అందరికీ ఆఖరున గుర్తుకు వస్తుంది.

ఇది కేవలము అజ్ఞానమని కొట్టిపారేయడం సులువే. కాని ఒక్క క్షణము ఆలోచించుదాం. మనవాళ్లు భూతవైద్యుని వాకిటికి ఎందుకు వెళ్తారు? అక్కడికి ఇంటిల్లిపాదీ వెళ్లవచ్చు. అతడు వాళ్ల భాషలోనే మాట్లాడతాడు. ఇంట్లో తగవులేమిటి, ఎప్పుడు మొదలైంది, ఎవరు ఏమన్నారు అని ఓపికగా అడుగుతాడు. బాధకు ఒక పేరు పెడతాడు, ఫలానా రోజుకు తగ్గుతుందని ధైర్యము చెబుతాడు. పెద్దాసుపత్రిలోనో, తెల్లవారుజామున బస్సెక్కి వెళ్లి వరుసలో నిలబడితే, రెండు నిమిషాల్లో చీటీ రాసి పంపుతారు. రోగి మాట వినే తీరిక ఎవరికీ ఉండదు. మందు ఆసుపత్రిలో ఉంది, వినే చెవి మాత్రం వేరేచోట ఉంది. ఈ రెంటినీ ఒకచోట చేర్చవచ్చునా?

చేర్చి చూపిన వైద్యుడొకరున్నారు. ఆయన పేరు థామస్ అడియోయె లాంబో. ఆఫ్రికా ఖండములోని నైజీరియా దేశములో, అబెయొకూట పట్టణములో 1923లో పుట్టారు. అక్కడి బాప్టిస్టు బాలుర ఉన్నత పాఠశాలలో చదివారు. ఇంగ్లండు వెళ్లి వైద్యము, తరువాత మనోవైద్యము నేర్చుకొని స్వదేశానికి తిరిగి వచ్చారు. 1954లో తన ఊరి దగ్గరే, ఆరో అనేచోట ఉన్న మానసిక ఆసుపత్రి బాధ్యత వహించారు.

అప్పటికి ఆసుపత్రి కట్టడము పూర్తి కాలేదు. ఆయన ఎదురుచూస్తూ కూర్చోలేదు. చుట్టుపక్కల పల్లెల్లోని రైతు కుటుంబాలను అడిగి, రోగులను వాళ్ల ఇళ్లలో అద్దెకు ఉంచారు. ఒక్కటే షరతు: ప్రతి రోగితోపాటు తల్లియో, అక్కయో, దగ్గరి బంధువు ఒకరు తప్పక రావాలి. ఆ బంధువే వంట చేసి పెట్టాలి, బట్టలు ఉతకాలి, రోజూ ఆసుపత్రికి తోడుగా తీసుకొని రావాలి. పగలు ఆసుపత్రిలో మందులు, వైద్యము. సాయంత్రము పల్లెలో పొయ్యి దగ్గర కబుర్లు, చేలో చేతనైన పని. ఎత్తయిన గోడలు లేవు, సంకెళ్లు లేవు. పిచ్చివాడని ముద్ర వేసి వెలివేయవలసిన మనిషి, ఊరి నడుమనే మనిషిగా మిగిలాడు.

లాంబోగారు మరొక సాహసము కూడా చేశారు. ఆ ప్రాంతపు సంప్రదాయ వైద్యులను తన దగ్గరకు పిలిపించుకొని, తన పర్యవేక్షణలో తోడు పెట్టుకొన్నారు. ప్రజలు తమ దిగులును ఏ మాటల్లో చెప్పుకొంటారో, దేనికి భయపడతారో ఆ వైద్యులకు బాగా తెలుసు. ఆ తెలివిని ఆయన వాడుకొన్నారు. రోగనిర్ణయము, మందులు మాత్రము వైద్యశాస్త్రము తెలిసినవారి చేతుల్లోనే ఉంచారు. తరువాతి కాలములో ఆయన ప్రపంచ ఆరోగ్య సంస్థలో ఉప ప్రధాన సంచాలకులుగా పనిచేసి, 2004లో కన్నుమూశారు.

నాటువైద్యములో అంతా వట్టిదేనా అంటే, కాదు. మన దేశములో తరతరాలుగా పిచ్చికి సర్పగంధ వేరు వాడేవారు. 1931లో కలకత్తా వైద్యులిద్దరు ఆ వేరు ఉన్మాదానికి, రక్తపోటుకు పనిచేస్తున్నదని వైద్యపత్రికలో రాశారు. 1952లో దానినుండి రిసర్పిన్ అనే మందును వేరుచేశారు. ఆధునిక మనోవైద్యములో తొలిరోజులలో వాడిన మందులలో అది ఒకటి. అయితే ఆ మందుతో కొందరిలో దిగులు ఎక్కువవుతుందని కూడా తేలింది. తరువాత అంతకన్న మంచివి వచ్చాయి. కనుక ఎవరైనా ఈ వేరును ఇంట్లో అరగదీసి పోయవద్దు. పాతదానిలో మంచిని పరీక్షించి తీసుకోవాలి, హాని ఉంటే విడిచిపెట్టాలి.

విడిచిపెట్టవలసినది కూడా చాలా ఉంది. తమిళనాడు రామనాథపురం జిల్లాలోని ఎర్వాడి దర్గాకు మానసిక రోగులను దూరప్రాంతాలనుండి తీసుకొని వచ్చేవారు. చుట్టూ ప్రయివేటు ఆశ్రమాలు వెలిశాయి. 2001 ఆగస్టు 6వ తేదీ తెల్లవారుజామున ఒక ఆశ్రమపు పాక అంటుకొంది. గొలుసులతో కట్టివేసి ఉన్నందున రోగులు పారిపోలేకపోయారు. 28 మంది కాలిపోయి చనిపోయారు. దేశము ఉలిక్కిపడింది. ఇప్పుడు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రకారము మానసిక రోగిని ఏ రూపములోనూ గొలుసులతో కట్టరాదు.

ఎర్వాడి తరువాత ఇటువంటి స్థలాలన్నిటినీ మూసివేయాలన్నవారున్నారు. గుజరాతులో వేరొక దారి తొక్కారు. మెహసానా జిల్లా ఉనావాలోని మీరా దాతార్ దర్గాలో 2008లో "దవా - దువా" అనే పని ప్రారంభమైంది. దవా అంటే మందు, దువా అంటే ప్రార్థన. అక్కడి ముజావర్లకు మానసిక జబ్బు లక్షణాలు గుర్తుపట్టడం నేర్పారు. వారు తమ దగ్గరకు వచ్చినవారిని అదే ఆవరణలో మనోవైద్యుని దగ్గరకు పంపుతారు. ముజావరు చెప్పిన మాట గనుక జనము వింటారు.

ఇక మన సంగతి చూచుకొందాం. క్రీస్తును నమ్మినవారము దయ్యములకు మ్రొక్కము, బలులు అర్పించము, తాయెత్తు కట్టుకోము. ఆ విషయములో రాజీ లేదు. కాని, పొరుగువారి మూఢత్వమును వేలెత్తి చూపేముందు మన కూడికలను కూడా పరీక్షించుకోవాలి. దయ్యము వదలాలని రోగిని జుట్టు పట్టి ఈడ్చినచోట్లు లేవా? అన్నము పెట్టకుండా బలవంతపు ఉపవాసము చేయించినవారు లేరా? "విశ్వాసముంటే మాత్రలు పారవేయి" అన్న మాట విని, మందు ఆపి, జబ్బు తిరగబెట్టినవారు మన సంఘాలలోనే ఉన్నారు. "నీలో ఏదో పాపముంది" అన్న మాటకు కుమిలిపోయిన బిడ్డలున్నారు. పేరు ప్రార్థనే గాని, పని భూతవైద్యునిదే. మాకు కలిగిన బాధ ఇదే.

ప్రభువు ఎలా నడుచుకొన్నాడో చూడండి. మార్కు 5వ అధ్యాయములో సమాధుల మధ్య తిరిగిన మనిషిని ఊరివారు ఎన్నోసార్లు సంకెళ్లతో కట్టారు. యేసు ఒక్క సంకెల కూడా వేయలేదు, కొట్టలేదు. అతని పేరు అడిగాడు. చివరకు అతడు బట్టలు వేసుకొని, స్వస్థచిత్తుడై కూర్చున్నాడు. ప్రభువు అతణ్ణి తిరిగి తన ఇంటివారి దగ్గరకే పంపాడు. ఏలీయా సంగతి కూడా తలచుకోండి (1 రాజులు 19). బ్రతకడం ఇష్టము లేక బదరీవృక్షము క్రింద పడి ఉన్న ప్రవక్తను దేవదూత గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె, నీళ్లు పెట్టాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు. మంచి సమరయుడు గాయాలకు నూనె, ద్రాక్షారసము పోసి కట్టు కట్టాడు, పూటకూళ్లవానికి డబ్బు కూడా ఇచ్చాడు. దేవుని కనికరము మందును త్రోసివేయదు.

వినడానికి పెద్ద చదువు అవసరము లేదు. జింబాబ్వే దేశములో డిక్సన్ చిబాండా అనే మనోవైద్యుడు 2006లో 14 మంది అవ్వలకు తర్ఫీదునిచ్చాడు. ఆసుపత్రి ఆవరణలో చెట్టుక్రింద బల్లమీద కూర్చొని, వచ్చినవారి కష్టము వినడమే వారి పని. అక్కడి షోనా భాషలో దిగులు జబ్బును "అతిగా ఆలోచించడం" అనే అర్థము వచ్చే మాటతో చెబుతారు. మన పల్లెల్లో "ఆలోచన ఎక్కువైంది" అన్నట్టే. అవ్వలు ఆ మాటే వాడారు. 2016లో ప్రచురించిన పరిశోధనలో 573 మందిని పరిశీలించారు. ఆరు నెలల తరువాత, మామూలు వైద్యము పొందినవారిలో సగముమందికి దిగులు లక్షణాలు మిగిలి ఉండగా, బల్ల దగ్గరకు వచ్చినవారిలో నూటికి 14 మందికే మిగిలాయి. మన స్త్రీల సమాజములో అటువంటి అవ్వలు లేరా?

మొదట చెప్పిన కోడలి దగ్గరకు మళ్లీ వద్దాం. కాన్పు తరువాత ఇలా మతి తప్పడం వైద్యులు ఎరిగిన జబ్బు. ఆలస్యము చేస్తే తల్లికీ, బిడ్డకూ ప్రాణాపాయము. వెంటనే చూపిస్తే చాలామంది చక్కగా కోలుకొంటారు. ఆమెను ఆ రోజే ఆసుపత్రికి తీసుకొని వెళ్లాలి. తల్లీబిడ్డలను ఒంటరిగా విడువకూడదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము 1996లోనే మొదలైంది, జిల్లా ఆసుపత్రిలో అడగండి. దారి తెలియకపోతే 14416 నంబరుకు ఫోను చేస్తే రాత్రియైనా పగలైనా తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. మాత్రలు మొదలుపెట్టాక డాక్టరు చెప్పకుండా ఆపవద్దు.

ఆసుపత్రికి వెళ్లినంతమాత్రాన సంఘము పని తీరిపోదు. పాస్టరుగారు వచ్చి, చెయ్యి పట్టుకొని మెల్లగా ప్రార్థించాలి. ఒక అక్క బిడ్డకు పాలు పట్టాలి, ఒక పిన్ని ఇంట్లో పొయ్యి వెలిగించాలి. మగవారు బస్సు చార్జీలు పోగుచేయాలి. బాగై తిరిగి వచ్చినప్పుడు, వెనుకటిలాగే ఆమెను పాటల గుంపులో నిలబెట్టాలి, "ఆ పిచ్చిది" అన్న మాట ఎవరి నోటా రాకూడదు. ఆరో పల్లెల రైతులు చేసినది ఇదే. ముక్కు మొగము తెలియని రోగికి వారు ఇంట్లో చోటిచ్చారు. మన బిడ్డకు మనము ఇవ్వలేమా?

ఈ నెల కుటుంబ ప్రార్థనలో, మీ వీధిలో తలుపు వెనుక దాచి ఉంచిన మనిషిని పేరుపెట్టి జ్ఞాపకము చేసుకోండి. ప్రార్థన ముగిసాక లేచి, ఆ తలుపు తట్టండి. ప్రభువు మీకు తోడైయుండును గాక. ఆమేన్.