నోటీసు రాలేదు... చలానా మాత్రం ఉంది!

బండి అమ్ముదామనుకున్నప్పుడో, కూడలిలో పోలీసులు ఆపినప్పుడో చాలామందికి ఆ సంగతి తెలుస్తుంది. ఎప్పుడో నెలల కిందట ‘నో పార్కింగ్’ చోట బండి నిలిపారంటూ తమ పేరిట ఓ చలానా ఉందని! ఇంటికి కాగితం రాలేదు, ఫోనుకు మెసేజీ లేదు. ఒక్కోసారి ఆ వీధి మొహమే చూసి ఉండరు. అయినా ‘వందల్లోనే కదా, పోనీ’ అని కట్టేస్తారు. కట్టడమంటే తప్పు ఒప్పుకున్నట్లే లెక్క. మీ నంబరునే తగిలించుకుని ఇంకెవరో తిరుగుతుంటే, అది బయటపడే దారిని మీరే మూసేసినట్లు.

ముందు ఫొటో చూడండి

తెలంగాణ పోలీసుల ఈ-చలానా వెబ్‌సైట్‌లోగానీ, కేంద్ర రవాణా శాఖ పరివాహన్ సైట్‌లోగానీ అడిగిన వివరాలిస్తే చలానా కనిపిస్తుంది. తేదీ, సమయం, చోటు, ఫొటో జాగ్రత్తగా చూడండి. బండి రంగు, మోడల్, సొట్టలు, స్టిక్కర్లు మీవేనా? నంబరులో 3ను 8గా చదివారా? అనుమానం ఉంటే వెంటనే ప్రింటు తీసి పెట్టుకోండి.

ఎందుకు అందదు?

నోటీసు వెళ్లేది ఆర్‌సీలో ఉన్న చిరునామాకు. ఇల్లు మారితే 30 రోజుల్లోగా రవాణా శాఖకు తెలపాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. అద్దె ఇళ్లు మారే హడావిడిలో అది ఎందరికి గుర్తుంటుంది? ఫోను నంబరూ అంతే. పాత సిమ్ముదో, బండి కొన్నప్పుడు ఏజెంటు ఇచ్చిందో ఉంటుంది. బండి అమ్మేసినా రికార్డుల్లో పేరు మారకపోతే చలానా పాత యజమానికే వస్తుంది.

‘రాలేదు’ అంటే చాలదు

సరైన చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో పంపితే అందినట్లేనంటుంది 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం. అందలేదని చూపాల్సిన భారం మనదే. అందుకే ఫిర్యాదులో ‘నాకు రాలేదు’ అని ఊరుకోక, ‘ఏ తేదీన, ఏ చిరునామాకు, ఎలా పంపారు?’ అని అడగాలి. కెమెరాలతో పట్టే ఉల్లంఘనలకు కేంద్రం 2021 ఆగస్టులో నిబంధనలు తెచ్చింది. అనుమతి లేనిచోట పార్కింగ్ కూడా వాటిలో ఉంది. ఉల్లంఘన జరిగిన 15 రోజుల్లోగా సమాచారం పంపాలనీ, చలానా తేలేదాకా ఆధారాలు భద్రపరచాలనీ వాటిలో ఉంది. ఆ రెండింటి గురించీ రాతపూర్వకంగా అడగండి.

ఆధారాలే అండ

ఆ రోజు బండి షెడ్డులో ఉంటే మెకానిక్ బిల్లు, ఊళ్లో లేకపోతే ప్రయాణపు టికెట్టు, ఆఫీసు హాజరు, అపార్ట్‌మెంటు సీసీ కెమెరా దృశ్యం... ఏది దొరికితే అది జత చేయండి. ఫిర్యాదు నంబరు రాసుకోండి. నకిలీ నంబరు ప్లేటని తేలితే పోలీసు స్టేషన్లోనూ ఫిర్యాదు ఇవ్వాలి. కేసు వర్చువల్ కోర్టుకు చేరితే, అక్కడ జరిమానా కట్టడమే కాదు, వాదించుకునే అవకాశమూ ఉంటుంది.

ఫొటోలో ఉన్నది మీ బండే, నిలిపింది మీరే అయితే మాత్రం నోటీసు రాకపోవడం తప్పును ఒప్పు చేయదు. కట్టేయడమే మేలు. తెలంగాణలో 2022లో, 2023 చివర్లో పెండింగు చలానాలపై భారీ రాయితీలిచ్చారు. మళ్లీ ఇస్తారేమోనని ఎదురుచూస్తే చలానాలు పేరుకుపోవడమే మిగులుతుంది. ఈలోగా ఆర్‌సీలో మీ ఫోను నంబరు, చిరునామా సరిచూసుకోండి. రేపటి నోటీసైనా సరైన గుమ్మానికి వస్తుంది.