కలకనీట మునుగువారికి తగిన దీపము



వ్యాకరణము చెప్పుకొని బ్రదికిన నావంటి వానికి నీటిలో వెలిగెడు దీపములతో పనియేమి యని మీకు శంక కలుగవచ్చును. ఆ పని కల్పించినవాడు నా పూర్వశిష్యు డొకడు.

నందికొండ కడ కృష్ణానదికి ఆనకట్ట కట్టుటకై 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపనము జరిగినది. 1967 ఆగస్టు 4వ తేదీన కాలువలకు నీరు వదలిరి. ఇక్ష్వాకుల విజయపురి వెలసిన లోయను 1954 మొదలు 1960 వఱకు త్రవ్వి చూచి, శిల్పములను కొండపైకి చేర్చిరి. పిమ్మట ఆ లోయ నీటి క్రిందికి పోయినది. నేడా జలాశయమున పుట్టులు వేసికొని చేపలు పట్టువారున్నారు. నీట పడినవారిని వెదకు గజయీతగాండ్రును ఉన్నారు. నా శిష్యుడు ఈ రెండవ తెగవాడు.

ఒక భాద్రపదమాసమున నీట గల్లంతయిన బాలునికొఱకు ఇతడు మునిగెను. అంతకు ముందే ఎక్కువ వెల పెట్టి, మిక్కిలి కాంతిగల వెడల్పు వెలుగు దీపమును కొనియుండెను. దానిని నొసట కట్టుకొని దిగినంతనే కన్నుల యెదుట తెల్లని గోడ యొకటి నిలిచినదట. చేతనున్న త్రాడు జాఱినది. వెదకికొనబోయి దిక్కు మఱచి, ఊపిరి తిత్తిలో గాలి తఱుగుచుండగా ఎట్లో పైకి వచ్చెను. బాలుని తల్లి ఒడ్డున కూర్చుండియున్నది. ఆమెకు చెప్పుటకు ఇతనివద్ద మాట లేదు. ఆ సాయంకాలము మా యింటి అరుగుపై కూర్చుండి, “చీకట్ల గాదు సారూ, ఎలుగులనే తొవ్వ తప్పిన” అనెను. ఆ మాట నన్ను నిదుర పోనీయలేదు. తెలిసినవారి నడిగియు, గ్రంథములు చూచియు నేను గ్రహించిన దానిని మీతో చెప్పుచున్నాను.

కుండను చూచుటకు కన్నును మనస్సును చాలవు, కుండకు వెలుతురు సోకవలెనని తార్కికులందురు. దానికే ఆలోకసంయోగమని పేరు. అయితే కలకనీట ఒక చిక్కు కలదు. వెలుతురు కుండకు మాత్రమే సోకదు. కుండకును కంటికిని నడుమనున్న ప్రతి మట్టిరేణువునకును సోకును. ఆ రేణువులు వెలుతురును వెనుకకు చిమ్మును. దగ్గఱనున్నవి గనుక వాని మెఱుపే కంటిని నింపును. దూరమున నున్న వస్తువు వానిచాటున పోవును. నా శిష్యుడు చూచిన తెల్లని గోడ ఇదియే.

అట్లయిన మఱింత పెద్ద దీపము తెచ్చిన కనబడదా? లెక్క వేసి చూతము. ఒక నీరు మీటరు దూరమునకు వెలుతురులో సగము హరించుననుకొందము. రెండు మీటర్ల దూరమున వస్తువున్నచో వెలుతురు రెండు మీటర్లు పోయి, రెండు మీటర్లు తిరిగి రావలెను. నాలుగు మాఱులు సగమయిన పదునాఱవ వంతు మిగులును. మూడు మీటర్ల దూరమయినచో అఱువదినాలుగవ వంతే. అనగా ఒక మీటరు ముందుకు చూచుటకు దీపము నాలుగింతలు కావలెను. వెలుగు పోవుకొలది వ్యాపించి పలుచనగును గనుక ఇదియు చాలదు. దీపమును రెట్టింపు చేసినచో దక్కునది అర మీటరైనను కాదు. పైగా నడుమనున్న మట్టి మెఱుపును అదే పాలున రెట్టించును. కావున వస్తువునకును మఱుగునకును గల తారతమ్యము ఉన్నచోటనే యుండును. ధనము మాత్రము పోవును.

కావున దీపము కొనునపుడు మొదట చూడవలసినది కాంతి యెంత యని కాదు, ఆ కాంతి యెంత సన్నగా పోవునని. అంగడివారు ల్యూమెన్లని పెద్ద అంకె వేయుదురు. అది దీపమునుండి అన్ని వైపులకును వెడలు మొత్తపు వెలుగు. ఒక దిక్కునకు వెడలు తీక్ష్ణతను తెలుపునది కాండెలా యను కొలత. ఒకే మొత్తపు వెలుగును నూఱు డిగ్రీల వెడల్పున పఱచుటకంటె పది డిగ్రీల కిరణముగా కూర్చినచో నడిమి తీక్ష్ణత సుమారు తొంబది రెట్లగును. అంతకంటె ముఖ్యమైన దేమనగా, సన్నని కిరణము కంటిముందరి నీటిలో కొంచెము భాగమునే వెలిగించును. వెడల్పు దీపము నిర్మలమైన నీటికిని ఛాయాచిత్రములకును మంచిది. కలకనీటికి పది డిగ్రీలకు మించని కిరణము మేలు. కాంతిని రెండు మూడు మెట్లలో తగ్గించుకొను వీలును ఉండవలెను. మఱుగు దట్టమయినపుడు తగ్గించుటయే మేలగును.

రెండవది, దీపము నుంచు చోటు. మా చిన్నతనమున రాత్రి ప్రయాణము చేయు బండ్లకు లాంతరును ఇరుసు క్రింద వ్రేలాడగట్టెడివారు. తోలువాని కంటబడక బాటమీద పడుటకే ఆ యేర్పాటు. నీటిలోను అంతే. నొసటి దీపము కంటి సరసనే యుండి, కంటిముందరి మట్టినే వెలిగించును. దీపమును చేతబట్టి, చేయి చాచి, ప్రక్కకును క్రిందికిని ఉంచి ఏటవాలుగా చూపవలెను. చేతి వెనుకకు పట్టీతో కట్టుకొను దీపములు దీనికి అనుకూలములు. వ్రేళ్లు త్రాటికి మిగులును.

మూడవది రంగు. వఱదమట్టి రేణువులు అన్ని రంగులను ఇంచుమించు సమానముగానే చిమ్మును; పసుపు అద్దము పెట్టిన తేటయగునను ఆశ పెట్టుకొనరాదు. కాని ఆకులు కుళ్లిన నీరును, నాచు పట్టిన నీరును నీలపు వెలుగును మిక్కిలిగా మ్రింగును. అట్టిచోట నీలిచాయ తెలుపుకంటె కొంచెము పసుపుచాయ తెలుపు వ్యర్థము కాకుండును.

ఇక నీటి పరీక్ష. ఇటలీ దేశపు సెక్కి పండితుడు 1865లో ఓడమీదనుండి తెల్లని బిళ్లను సముద్రములోనికి దింపి, ఎంత లోతున మఱుగగునో కొలిచెను. నేడును ఆ బిళ్ల ఆయన పేరుతోనే వ్యవహరింపబడుచున్నది. మేము అన్నము తిను పళ్లెమునకు త్రాడు కట్టి, పుట్టి నీడవైపున దింపితిమి. భాద్రపదపు వఱదనీట ఒక మూర లోతుననే మఱుగయ్యెను. మాఘమాసమున అదే చోట ఆఱు మూరలు కనబడెను. ఆఱు మూరలు కనబడునాడు ఏ మంచి దీపమైనను పనికి వచ్చును. రెండు మూడు మూరలనాడు సన్నని కిరణమే శరణ్యము. ఒక మూరనాడు దీపము గాలి కొలత చూచుకొనుటకు మాత్రమే. తక్కినది త్రాడును, తడవు చేయియు. పైన తేటగా నున్నను అడుగున కాలు తగిలిన బురద లేచునని మఱవరాదు.

దీపపు కట్టడమును గూర్చి కొలదిగా చెప్పెదను. వానకు తడియని దీపము వేఱు, మునుగు దీపము వేఱు. పది మీటర్లు దిగుకొలది నీటి యొత్తిడి ఒక వాతావరణము చొప్పున పెరుగును. ఎన్ని మీటర్ల వఱకు ఓర్చునో దీపముమీద వ్రాసియుండవలెను. మూతలోని రబ్బరు వలయమునకు ఇసుకరేణువైనను, తలవెండ్రుకయైనను అంటినచో నీరు చొచ్చును. తుడిచి, తయారించినవారు చెప్పిన గ్రీజు పలుచగా రాయవలెను. మునుగు కాలమునకు రెట్టింపు కాలము వెలుగునది కావలెను. ముఖ్యముగా, రెండవ దీపము లేక దిగరాదు. పెద్దది యొకటి కొను ధనముతో సామాన్యమైనవి రెండు కొనుట వివేకము.

నా శిష్యు డిప్పుడు సన్నని కిరణము గలవి రెండు దీపములను, మణికట్టునకు ముడివేసిన త్రాటిని ఉంచుకొని దిగుచున్నాడు. పళ్లెము ఒక మూరకు మఱుగయిననాడు, ఒడ్డున ఎవరెంత తొందరించినను, జతగాడు త్రాడు పట్టనిదే దిగనని చెప్పుచున్నాడు. ఆ బాలుని శరీరము మూడవనాడు దానంతట అదియే తేలినది. ఆనాడు ఇతడును పైకి రాకున్నచో ఒడ్డున ఇద్దఱు తల్లులు కూర్చుండియుందురు. చెఱువులలోను జలాశయములలోను మునుగువారు, వారిని పంపువారు, దీపము వెల నడుగుటకు ముందు ఒక పళ్లెమును నీట దింపి చూడవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.