తుంటి బంతి ఎందుకు జారుతుంది?

మా కనకమామిడిలో చాలా ఇళ్లల్లో భోజనం, ముచ్చట్లు అన్నీ నేల మీదే. అందుకే తుంటి మార్పిడి ఆపరేషన్ అంటే పెద్దవాళ్లకు ఒకటే దిగులు: మళ్లీ కింద కూర్చోగలమా? అసలు భయం డిస్‌లొకేషన్, అంటే అమర్చిన బంతి గిన్నెలోంచి జారిపోవడం.

ఖరీదైన మెటీరియల్ వేయిస్తే జారదా? మెటీరియల్ నేరుగా బంతిని పట్టి ఉంచదు. ఎంత పెద్ద బంతి పెట్టొచ్చో అది తేలుస్తుంది.

1962లో ఇంగ్లండ్ సర్జన్ జాన్ చార్న్‌లీ పాలిథిలిన్ గిన్నెలో స్టీలు బంతి అమర్చారు. ప్లాస్టిక్ తక్కువ అరగాలని బంతిని 22 మి.మీ.కే ఉంచారు. కానీ లెక్క చూడండి: అంచు దాటాలంటే బంతి దాదాపు తన వ్యాసార్థమంత జరగాలి. 22 మి.మీ. బంతికి 11 మి.మీ. చాలు, 36 మి.మీ. బంతికి 18 కావాలి.

పెద్ద బంతి కోసం లోహం మీద లోహం పెట్టారు. రాపిడికి కోబాల్ట్, క్రోమియం రక్తంలోకి చేరాయి. మన దేశంలోనూ వేలమందికి వేసిన డీప్యూ ఏఎస్ఆర్‌ను 2010లో ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. మా కోడింగ్ భాషలో, ఒక బగ్ సరిచేస్తే ఇంకోటి పుట్టింది.

ఇప్పుడు రేడియేషన్‌తో గట్టిపరిచిన ప్లాస్టిక్, సిరామిక్ చాలా తక్కువ అరుగుతాయి. అందుకే 32, 36 మి.మీ. బంతులు మామూలయ్యాయి. గిన్నె అరగకపోతే ఏళ్ల తర్వాత జారే ప్రమాదమూ తగ్గుతుంది.

అయినా గిన్నె పెట్టిన కోణం, కండరాల బలం కూడా ముఖ్యమే. కాబట్టి ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ ఉంటే ‘ఏ మెటీరియల్?’ దగ్గరే ఆగకండి. ‘బంతి సైజు ఎంత? ఎలా కూర్చోకూడదు?’ అని కూడా డాక్టర్‌ని అడగండి.